ఓటర్ల జాబితాలో ఆమె పేరు
(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ సభలో ఒకరు చదువు గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఈసారి ఆ వంతు మా ఉపాధ్యాయినులకు ఇచ్చారు. మేమందరం కూర్చుని ఏం మాట్లాడాలని ఆలోచించుకుని, ఓటు గురించి మాట్లాడాలని నిర్ణయించుకున్నాం. కార్యదర్శి గారు కొంచెం కంగారు పడ్డారు. "అమ్మా, రాజకీయాలు వద్దు" అన్నారు. రాజకీయాలు మాట్లాడం, ఏ పార్టీ పేరూ ఎత్తమని ఆయనకు మాట ఇచ్చాం. ఆడవాళ్లకు ఓటు హక్కు ఎలా వచ్చిందో చెప్పి, దానికీ మన సొసైటీ పనికీ ఉన్న సంబంధం చూపించి కూర్చుంటాం.

సంబంధం ఉంది. ఈ దేశంలో ఆడవాళ్లు ఓటు అడగడమన్నది బడి అడగబోయి మొదలైంది.

1917లో ఇంగ్లండు నుంచి మాంటేగు అనే మంత్రి మన దేశానికి వచ్చాడు. భారతదేశ వ్యవహారాలు చూసే మంత్రి. పాలనలో ఏ మార్పులు చేయాలో తెలుసుకోవడానికి ఊరూరా తిరుగుతూ రకరకాల సంఘాల వారిని కలుస్తున్నాడు. ఆ సంవత్సరమే మద్రాసు అడయారులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. అందులో ముఖ్యురాలు మార్గరెట్ కజిన్స్. ఐర్లండు ఆడపడుచు. ఆడపిల్లలకు బడులు కావాలని మంత్రిని అడుగుదామని ఆమె సమయం ఇమ్మని రాసింది. పైనుంచి వచ్చిన జవాబేమిటంటే, మంత్రి గారు రాజకీయ విషయాల మీద వచ్చేవారినే కలుస్తారు, చదువు గురించి కలవరు అని. సరే, రాజకీయమే మాట్లాడుదామనుకున్నారు. విన్నపంలో ఓటు చేర్చారు. ప్రజలకు ఓటు ఇచ్చేటప్పుడు ఆ "ప్రజలు" అన్న మాటలో ఆడవాళ్లు కూడా ఉండాలని, ఆడది కాబట్టి పనికిరాదు అనే మాట చట్టంలో రాయవద్దని అడిగారు. చదువు అడగడమూ మానలేదు.

1917 డిసెంబరులో మద్రాసులో ఆ బృందం మాంటేగును కలిసింది. ముందు నడిచింది సరోజినీ నాయుడు. హైదరాబాదులో పుట్టి పెరిగిన ఆమె మనకు పరాయి కాదు. అనీ బిసెంటు ఉన్నారు. వారితోపాటు ఒక ముస్లిం మహిళ ఉన్నారు, ఈ సభలో ఆమె పేరు ప్రత్యేకంగా చెప్పాలి. నిషాతున్నీసా బేగం. అందరూ బేగం హస్రత్ మోహానీ అంటారు. హస్రత్ మోహానీ సాహెబ్ పెద్ద ఉర్దూ కవి, ఇంగ్లీషు ప్రభుత్వం మాటిమాటికీ జైల్లో వేసిన మనిషి. ఆ బృందం మంత్రిని కలిసిన రోజున కూడా ఆయన జైల్లోనే ఉన్నారు. భర్తను జైల్లో పెట్టిన ప్రభుత్వం తాలూకు మంత్రి ముందుకు వెళ్లి, మాకు హక్కు కావాలని ఆమె నిలబడింది. ఆ రోజుల్లో ఘోషా ఇంటి ఆడవాళ్లు ఇంటి గుమ్మం దాటడమే పెద్ద మాట.

మేము ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ పాఠం చెప్పినప్పుడు ఒక సంగతి తప్పకుండా చెబుతాం. మన ఆడవాళ్లు మద్రాసులో ఓటు అడిగిన రోజున ఇంగ్లండులో ఆడవాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. వాళ్లకు 1918లో వచ్చింది. అది కూడా ముప్పై ఏళ్లు దాటి, ఆస్తి అర్హత ఉన్నవారికే. మగవాళ్లతో సమానంగా రావడానికి మరో పదేళ్లు పట్టింది, 1928 దాకా. కాబట్టి ఎవరో తెల్లవాళ్లు నేర్పితే మన వాళ్లు నేర్చుకున్నారని అనుకోవాల్సిన పని లేదు. 1918లోనే అజర్‌బైజాన్‌లో ముస్లింల గణతంత్ర రాజ్యం ఏర్పడి, ఆడవాళ్లకు ఓటు ఇచ్చింది. స్విట్జర్లాండులో ఆడవాళ్లు జాతీయ ఎన్నికల్లో ఓటు వేయడానికి 1971 దాకా ఆగాల్సి వచ్చింది. పిల్లలు నమ్మరు. అట్లాసు తెరిచి రెండు దేశాలూ వేలు పెట్టి చూపిస్తే అప్పుడు నోరు తెరుస్తారు.

మాంటేగు విన్నాడు, మర్యాదగా మాట్లాడాడు, వెళ్లిపోయాడు. మరుసటి ఏడు వచ్చిన నివేదికలో ఆడవాళ్ల ఓటు ఊసే లేదు. ఓటు ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి సౌత్‌బరో కమిటీ అని ఒకటి వేశారు. అది ఊళ్లు తిరిగి, ఈ దేశం ఇంకా సిద్ధంగా లేదు, ఘోషా ఉన్నంత కాలం ఆడవాళ్లకు ఓటు ఇచ్చినా పేరుకే ఉంటుంది అని తేల్చేసింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ తర్వాత ముప్పై ఏళ్ల పాటు ఎక్కడ ఈ విషయం చర్చకు వచ్చినా ఘోషానే అడ్డం పెట్టారు. ఘోషాలో ఉన్న ఆడవాళ్లు వచ్చి మాకు ఓటు వద్దని చెప్పారా అంటే, లేదు. వాళ్ల తరఫున మగవాళ్లే చెప్పారు. దీనికి ఉద్యమంలో ఉన్న ఆడవాళ్లు ఇచ్చిన జవాబు చాలా తేలికైనది. ఆడవాళ్లకు వేరే గది పెట్టండి, అక్కడ ఆడ అధికారిని కూర్చోబెట్టండి, అయిపోతుంది అన్నారు. మా లెక్కలో అంతకంటే సూటి జవాబు మన ఊళ్లలోనే ఉంది. మద్రాసు ట్రిప్లికేనులో ఘోషా ఆసుపత్రి ఉంది. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని ఇప్పటికీ ఘోషా ఆసుపత్రి అనే అంటారు. ఘోషా ఉంది కదా అని కాన్పులు ఆపలేదు. ఆడ డాక్టర్లతో వేరే ఆసుపత్రి కట్టారు. ఘోషా కోసం ఆసుపత్రి కట్టగలిగిన దేశం ఓటు వేసే గది కట్టలేదా?

సౌత్‌బరో కమిటీ కాదన్న తర్వాత వాళ్లు ఊరుకోలేదు. 1919లో సరోజినీ నాయుడు, అనీ బిసెంటు లండను వెళ్లి పార్లమెంటు కమిటీ ముందు వాదించారు. బొంబాయి నుంచి హీరాబాయి టాటా, ఆమె కూతురు మిఠన్ కూడా వెళ్లారు. తల్లీకూతుళ్లు ఇద్దరూ ఇంగ్లండులో ఊళ్లు తిరిగి సభలు పెట్టి, అక్కడి ఆడవాళ్ల సంఘాలను కలిసి మద్దతు కూడగట్టారు. చివరికి పార్లమెంటు ఏం చేసిందంటే, బంతిని మనవైపు తోసేసింది. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం శాసనసభలో తీర్మానం చేసుకుంటే ఆడవాళ్లకు ఓటు ఇచ్చుకోవచ్చని 1919 చట్టంలో పెట్టింది. అంటే ఇంతవరకు తెల్లదొరను అడిగినవాళ్లు ఇక తమ ఇంటి మగవాళ్లనే అడగాలి.

1921లో మద్రాసు శాసనసభ తీర్మానం చేసింది. బ్రిటిషు పాలనలోని రాష్ట్రాల్లో మద్రాసే మొదటిది. అదే ఏడు బొంబాయి చేసింది. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి కనుక నెల్లూరు, గుంటూరు, కడప, కర్నూలు ఆడవాళ్లు కూడా ఆ లెక్కలోకి వచ్చారు. బెంగాలులో మాత్రం 1921లో తీర్మానం ఓడిపోయింది. వ్యతిరేకించినవాళ్లలో ముస్లిం సభ్యులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. చెప్పడానికి మాకు ఇష్టంగా ఏమీ లేదు, కానీ జరిగింది జరిగినట్టు చెప్పకపోతే పాఠం కాదు. అదే ఘోషా గట్టిగా ఉన్న సంయుక్త రాష్ట్రాల్లో, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో, 1923లో తీర్మానం నెగ్గింది. బెంగాలులో కూడా 1925లో నెగ్గింది. నాలుగేళ్లలో ఘోషా ఎక్కడికీ పోలేదు. ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి అడిగారు, సభ్యుల మనసు మారింది.

ఓటు వచ్చింది గానీ ఎంతమందికి? ఆస్తి ఉండాలి, పన్ను కడుతుండాలి. ఆ ఆస్తి ఆమె పేరున ఉండాలి. అలాంటి ఆడవాళ్లు ఊరికి ఎంతమంది ఉంటారు? నూటికి ఒకరు కూడా లేని ఊళ్లు చాలా.

ఆస్తి మాట వచ్చింది కాబట్టి మన ఇళ్ల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాం. మన షరీఅత్‌లో కూతురికి వాటా ఉంది. ఆ రోజుల్లో వేరే సమాజాల ఆడపిల్లలకు లేని హక్కు మన పిల్లకు ఉంది. ఆ లెక్కన ఆస్తి చూసి ఓటు ఇస్తామన్నప్పుడు జాబితాలో మన ఆడవాళ్ల పేర్లు ముందు కనిపించాలి. కనిపించలేదు. ఎందుకంటే హక్కు కితాబులో ఉంది, పట్టా అన్నదమ్ముల పేరున ఉంది. చాలాచోట్ల ఆచారం పేరు చెప్పి కూతురికి ఇవ్వనే లేదు. ఆ ఆచారాలను తోసేసి షరీఅత్ ప్రకారమే నడవాలని చట్టం రావడానికి 1937 దాకా పట్టింది. అందులో కూడా వ్యవసాయ భూమిని పక్కన పెట్టారు. ఇంతకంటే విప్పి చెప్పం, మీకు తెలియనిది కాదు.

1930లో లండనులో రౌండ్ టేబుల్ సమావేశం జరిగింది. అక్కడికి వెళ్లిన ఇద్దరు ఆడవాళ్లలో ఒకరు బేగం జహనారా షానవాజ్, రెండోవారు రాధాబాయి సుబ్బరాయన్. 1933లో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పడానికి అఖిల భారత మహిళా సభ పంపిన ముగ్గురిలో బేగం షరీఫా హమీద్ అలీ ఉన్నారు. మిగతా ఇద్దరు రాజకుమారి అమృత్ కౌర్, డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి. ఒక ముస్లిం, ఒక క్రైస్తవురాలు, ఒక హిందువు ఒకే బల్ల ముందు కూర్చుని ఒకే మాట చెప్పారు. మమ్మల్ని మతం చొప్పున విడదీయకండి, ఆస్తి, భర్త అనే లెక్కలు వద్దు, వయసు వచ్చిన ప్రతి మనిషికీ ఓటు ఇవ్వండి. వాళ్ల మాట అప్పుడు చెల్లలేదు. 1935 చట్టం పెద్దగా చెప్పుకున్నది ఏమిటంటే, ఆస్తి ఉన్న మగవాడి భార్యకు కూడా ఓటు ఇస్తాం, చదవడం రాయడం వస్తే ఇస్తాం అని. దాంతో సుమారు 60 లక్షల మంది ఆడవాళ్లకు ఓటు వచ్చింది. మగవాళ్లు అప్పటికి దాదాపు 2 కోట్ల 90 లక్షలు. పైగా కొన్నిచోట్ల ఒక మెలిక. మగవాడి పేరు అధికారులే రాసుకుంటారు. భార్య మాత్రం నా పేరు చేర్చండని అర్జీ పెట్టుకోవాలి. అర్జీ రాయడం రావాలి, ఆఫీసుకు వెళ్లాలి, ఇంట్లో ఒప్పుకోవాలి. ఓటు ఇచ్చినట్టే ఇచ్చి గడియ పెట్టడం అంటే ఇదే.

"చదవడం రాయడం వస్తే" అన్న ఆ ఒక్క ముక్క దగ్గర మా టీచర్లకు ఆసక్తి. 1917లో బడి అడగబోతే ఓటు అడగమన్నారు. 1935లో ఓటు అడిగితే బడికి వెళ్లావా అన్నారు. రెండూ ఒకదాన్ని ఒకటి పట్టుకునే నడిచాయి.

1937 ఎన్నికల్లో జరిగిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేం. సంయుక్త రాష్ట్రాల్లో బేగం కుద్సియా ఐజాజ్ రసూల్ శాసన మండలికి పోటీ చేశారు. ఆడవాళ్లకు కేటాయించిన స్థానంలో కాదు, మగవాళ్లతో సమానంగా పోటీ పడే స్థానంలో. ఘోషా పాటించని ఆడదానికి ఓటు వేయడం మతానికి విరుద్ధమని ఫత్వా ఇచ్చారు. ఓటర్లలో ఎక్కువ మంది మగవాళ్లు, మన మగవాళ్లు. ఫత్వా విన్నారు. వెళ్లి ఆమెకు ఓటు వేశారు, గెలిపించారు. మగవాళ్లను ఆడిపోసుకునే ప్రసంగం ఇది అని వెనక వరుసలో ఎవరికైనా అనిపిస్తుంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మన చరిత్రలో అడ్డం పడ్డవాళ్లూ ఉన్నారు, అడ్డం తొలగించినవాళ్లూ ఉన్నారు. అసలు మతం పేరు చెప్పి ఆడవాళ్ల మాటకు విలువ లేదనేవారు, అఖబా దగ్గర ప్రవక్త వారికి మాట ఇచ్చినవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారని ఎందుకు మరిచిపోతారో మాకు అర్థం కాదు. నుసైబా, అస్మా. పద్నాలుగు వందల ఏళ్ల నుంచి వాళ్ల పేర్లు అలాగే ఉన్నాయి.

ఆ బేగం ఐజాజ్ రసూల్ తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్నారు. రాజ్యాంగం రాసిన ఆ సభలో పనిచేసిన ముస్లిం మహిళ ఆమె ఒక్కరే. మన తెలుగు ఆడపడుచు దుర్గాబాయి కూడా అదే సభలో ఉన్నారు. ఆ రాజ్యాంగంలో 326వ అధికరణం వయసు వచ్చిన అందరికీ ఓటు ఇచ్చింది. దానికి ముందున్నది 325. మతం, జాతి, కులం, ఆడ మగ అనే కారణాల మీద ఎవరి పేరూ ఓటర్ల జాబితాలో చేర్చకుండా ఉండకూడదని అది చెబుతుంది. చూడండి, ఓటు కంటే ముందు జాబితా గురించి రాశారు. ముప్పై ఏళ్లు ఆడవాళ్లు పోరాడింది ఎక్కడ ఆగిపోతూ వచ్చిందో ఆ రాసినవాళ్లకు తెలుసు.

అయినా ఆగింది.

మొదటి సాధారణ ఎన్నికలకు సుకుమార్ సేన్ ప్రధాన ఎన్నికల కమిషనర్. గుమాస్తాలు ఇల్లిల్లూ తిరిగి జాబితా రాశారు. జాబితా చేతికి వచ్చాక చూస్తే, లక్షల మంది ఆడవాళ్లకు పేర్లు లేవు. ఫలానా అతని భార్య, ఫలానా అతని తల్లి, ఫలానా ఆయన కూతురు అని ఉంది. పరాయి మగవాడికి పేరు చెప్పకూడదని వాళ్లు చెప్పలేదు. లేదా గుమ్మంలో ఉన్న మగవాడు చెప్పనివ్వలేదు. సేన్ గారు పట్టుబట్టారు. పేరు లేకుండా ఓటరు ఉండడు, మళ్లీ వెళ్లి సొంత పేరు రాసుకుని రండి అన్నారు. బీహారులో ఇందుకోసం గడువు కూడా పొడిగించారు. చాలామంది చెప్పారు. ఎంత అడిగినా చెప్పనివాళ్లు మిగిలిపోయారు. దేశంలో దాదాపు 8 కోట్ల మంది ఆడ ఓటర్లుంటే, వారిలో సుమారు 28 లక్షల మందిని జాబితాలోంచి కొట్టేయాల్సి వచ్చింది. ఎక్కువ మంది బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారత్ వైపు వారు. అన్ని మతాల వారూ ఉన్నారు.

సేన్ గారు చేసింది కఠినమని కొందరు అంటారు. మాకు మాత్రం ఆయన ఆ ఆడవాళ్లకు గౌరవం ఇచ్చారనే అనిపిస్తుంది. మొగుడి పేరు మీద ఓటు తీసుకోండని అనలేదు. నీ పేరేమిటమ్మా అని అడిగించారు. ఆ ప్రశ్న అడిగిన మొదటి సర్కారు మనిషి వాళ్ల జీవితంలో ఆ గుమాస్తాయే అయ్యుంటాడు. తర్వాతి ఎన్నికల నాటికి ఎక్కువ మంది పేర్లు చెప్పి చేర్చుకున్నారు.

ఆ మొదటి ఎన్నికల్లో ఆడవాళ్ల కోసం వేరుగా 27 వేలకు పైగా పోలింగు గదులు పెట్టారు. ముప్పై ఏళ్లు జరగదు, కుదరదు అన్న పని, పెట్టాలనుకున్నాక కుదిరింది. నైజాం జిల్లాల ఆడవాళ్లు కూడా వయసు వచ్చిన అందరితో పాటు శాసనసభకు ఓటు వేసింది అప్పుడే. పాతబస్తీ శాలిబండ నుంచి మాసూమా బేగం గెలిచి 1952లో హైదరాబాదు శాసనసభకు వెళ్లారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. పాతబస్తీ ఆడవాళ్లు బురఖాల్లోనే వచ్చి వరుసలో నిలబడి ఓటు వేశారు. సౌత్‌బరో గారు చూసి ఉంటే బాగుండేది.

ఇదీ చరిత్ర. ఇక మా అనుభవంలోకి వస్తాం.

మీకు తెలుసు, ఈ దేశంలో బడిపంతుళ్లకు పాఠాలతో పాటు వంద పనులు. జనాభా లెక్కలు మేమే, ఎన్నికల డ్యూటీ మేమే. మాలో కొందరు బూత్ లెవెల్ ఆఫీసర్లు కూడా. జాబితా సంచిలో పెట్టుకుని ఇంటింటికీ తిరుగుతాం. మన వీధుల్లో తలుపు తడితే ఒక ఆడమనిషి తలుపు సందులోంచి చూసి, "ఇంట్లో ఎవరూ లేరమ్మా, సాయంత్రం రండి" అంటుంది. ఆమె ఉంది, ఆమె అత్త ఉంది, ఇద్దరు కూతుళ్లున్నారు. ఎవరూ లేరు! డెబ్భై ఏళ్ల కిందట గుమాస్తాకు వినిపించింది కూడా దాదాపు ఇదే అయ్యుంటుంది.

లోపలికి పిలిచి చాయ్ ఇచ్చాక పేర్లు అడుగుతాం. పేరు చెప్పడానికి ఇప్పుడు ఎవరూ సిగ్గుపడరు, ఆ కాలం పోయింది. ఇప్పటి చిక్కు వేరు. ఒక్క మనిషికి నాలుగు పేర్లు. బడి రిజిస్టరులో షేక్ ఆయేషా. ఆధార్‌లో షేక్ ఐషా బేగం. రేషన్ కార్డులో ఆషాబీ. నికా అయ్యాక భర్త ఇంటిపేరు పఠాన్ అయితే ఓటరు కార్డులో పఠాన్ ఆయేషా. కరీమున్నీసా ఒకచోట కరీమున్ అవుతుంది, ఇంకోచోట కరీంబీ అవుతుంది. మహమ్మద్ అన్న పేరును ఎం.డి. అని పొట్టి చేస్తారు. దాంతో చదువుకోని మనిషికి కూడా పెద్ద డాక్టరు డిగ్రీ వచ్చి పడుతుంది. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, పింఛను దగ్గర, స్కాలర్‌షిప్ దగ్గర, ఆస్తి రిజిస్ట్రేషను దగ్గర, ఓటరు జాబితా దగ్గర ఈ నాలుగు పేర్లు నలుగురు మనుషులవుతాయి. ఆ నలుగురిలో నువ్వు ఎవరో నిరూపించుకో అంటారు. నిరూపించుకోవడానికి వెళ్లాల్సింది ఆమె, కూలి పోయేది ఆమెకు.

పెళ్లితో మరో చిక్కు. పిల్లను అత్తారింటికి పంపుతాం. పుట్టింటి ఊళ్లో జాబితాలోంచి పేరు తీసేస్తారు, మెట్టినింటి ఊళ్లో చేరదు. మగపిల్లవాడికి ఈ బాధ లేదు, పుట్టిన ఇంట్లోనే ఉంటాడు, పేరు కదలదు. మా దగ్గర చదివి, పెళ్లయి, ఇద్దరు పిల్లల తల్లులై, ఒక్కసారి కూడా ఓటు వేయని ఆడపిల్లలు మాకు తెలుసు. వాళ్లకు ఇష్టం లేక కాదు. ఫారం నింపాలని ఎవరూ అనుకోలేదు. పెళ్లికి మంచం, బీరువా, ఫ్రిజ్ గుర్తుపెట్టుకుని పంపిన వాళ్లం, ఒక కాగితం పంపడం మరిచిపోతాం.

ఒకరు పుట్టిన తర్వాత సర్కారు రికార్డులో పేరు స్థిరపడే మొదటి చోటు మా బడి రిజిస్టరు. అందుకే దీన్ని చదువు విషయంగానే చూస్తున్నాం. ఒకటో తరగతిలో చేర్చడానికి వచ్చినప్పుడు తండ్రి హడావిడిగా, "ఏదో ఒకటి రాయండి మేడం, ఇంట్లో మున్నీ అంటాం" అంటాడు. మేము తల్లిని పిలిపిస్తాం. పిల్ల పూర్తి పేరు ఆమెతో రెండుసార్లు పలికించి, అక్షరం అక్షరం రాసి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒకటే ఉండేలా చూస్తాం. తల్లి పేరు గడిలో "ఫలానా భార్య" అని రాయనివ్వం. దీనికి పది నిమిషాలు పడుతుంది. పదవ తరగతి సర్టిఫికెట్ మీద ఆ పేరే వస్తుంది, ఆ తర్వాత జీవితమంతా ఆ సర్టిఫికెట్ వెంటే నడుస్తుంది.

ఇప్పుడు దాతలతో రెండు మాటలు. మీరు ఇచ్చే డబ్బుతో ఈ సొసైటీ స్కాలర్‌షిప్పులు ఇస్తోంది, కుట్టుమిషన్లు ఇస్తోంది, రంజాన్‌లో తోఫా సంచులు పంచుతోంది, వితంతువులకు నెలనెలా సాయం చేస్తోంది. అల్లాహ్ మీకు బరకత్ ఇవ్వాలి. మేము అడిగేదానికి డబ్బు పెద్దగా ఖర్చు కాదు. సాయం పొందేవారి పుస్తకం తెరిచి చూస్తే, వితంతువుల పేజీలో చాలాచోట్ల చనిపోయిన భర్త పేరు రాసి, పక్కన "గారి బేవా" అని ఉంది. ఆయన లేరు, ఆమె ఉంది, డబ్బు తీసుకుంటున్నది ఆమె, పుస్తకంలో ఉన్నది ఆయన. ఆ పేజీలను ఈ ఏడు తిరగరాయించమని కార్యదర్శి గారిని కోరాం. ఒప్పుకున్నారు. రాసే పని మా టీచర్లే చేస్తారు.

ఇంకొకటి ఈ సావనీరు గురించి. దీని వెనక పేజీల్లో దాతల జాబితా వేస్తారు. నిరుడు సంచికలో లెక్కపెట్టి చూశాం. ఆడవాళ్లు ఇచ్చిన విరాళాలు చాలా ఉన్నాయి. గాజులు అమ్మి ఇచ్చినవారూ ఉన్నారు, టైలరింగు చేసి కూడబెట్టి ఇచ్చినవారూ ఉన్నారు. అచ్చులో మాత్రం "జనాబ్ ఫలానా గారి సతీమణి" అని ఉంది. పేరు బయటికి రాకుండా ఇవ్వాలని కోరుకునేవారి సంగతి వేరు. అది చాలా పెద్ద గుణం, వారికి "ఒక సోదరి" అని వేయడమే సరైనది. వేయమన్నవారికి మాత్రం వారి పేరే వేయండి. రసీదు రాసే తమ్ముళ్లు, "ఎవరి పేరున రాయాలి" అని ఆమెనే అడగండి. ఆమె భర్త పేరు చెబితే భర్త పేరే రాయండి, అభ్యంతరం లేదు. అడగడం మాత్రం ఆమెను అడగండి.

చివరగా ఈ రోజు పని. హాలు గుమ్మం పక్కన బల్ల వేసుకుని మా టీచర్లు నలుగురు కూర్చుంటున్నారు. పద్దెనిమిది నిండిన పిల్లలు కొత్తగా పేరు చేర్చుకోవడానికి ఫారం 6, ఊరు మారినవారికి, పేరులో తప్పు దిద్దుకునేవారికి ఫారం 8 అక్కడ ఉన్నాయి. పదిహేడు నిండిన పిల్లలు కూడా ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, పద్దెనిమిది నిండాక జాబితాలో చేరుతుంది. పెళ్లై ఈ ఊరికి వచ్చిన కోడళ్లు ముఖ్యంగా రండి. అత్తగార్లు కూడా కోడళ్లను తీసుకుని రండి. ఆధార్ కార్డు, ఒక ఫోటో, ఇంటి చిరునామాకు ఏదైనా కాగితం ఉంటే చాలు. పదవ తరగతి సర్టిఫికెట్ ఉన్నవాళ్లు అది కూడా తెస్తే పేరు అందులో ఉన్నట్టే రాస్తాం. భోజనాలు జొహర్ నమాజు తర్వాత. బల్ల అసర్ దాకా ఉంటుంది.